బెంగళూరు ఫ్లాట్‌లో డిష్‌వాషర్: అంట్లు తోముతుంది సరే, మీకేం మిగులుతుంది?

బెంగళూరులో మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకి ఒకరు అమెరికా కాల్‌లో ఉంటారు, ఇంకొకరు పిల్లల్ని పడుకోబెడుతుంటారు, సింకులో మాత్రం మూకుడూ కుక్కరూ నానుతుంటాయి. పొద్దున పనమ్మాయి ఏడున్నరకి వస్తుందో ఎనిమిదింపావుకి వస్తుందో తెలియదు. ఆవిడ వచ్చేదాకా ఒకరు ఇంట్లో ఉండాలి, గిన్నెలు ఖాళీ అయితే తప్ప టిఫిన్ పొయ్యెక్కదు. డిష్‌వాషర్ కొందామన్న మాట ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. కాబట్టి ఈ రివ్యూలో గిన్నెలు ఎంత తళతళలాడతాయన్నది రెండో విషయం. ఉద్యోగాలు చేసుకునే ఇంటికి అది ఏ మేరకు పనికొస్తుందన్నదే మొదటిది.

ముందు తీర్పు. నలుగురున్న ఇంటికి 13 లేదా 14 ప్లేస్ సెట్టింగుల (ఎంతమంది సామాను పడుతుందన్న సైజు లెక్క) మెషీన్ తీసుకుని, నీళ్లకి తగ్గట్టు సాల్ట్ (నీళ్లని మెత్తబరిచే డిష్‌వాషర్ ఉప్పు) సెట్ చేసి, రోజుకి ఒక్కసారే రాత్రిపూట వేసుకుంటే డబ్బుకి న్యాయం జరుగుతుంది. గట్టు మీద పెట్టుకునే 8 సెట్టింగుల మెషీన్ మన వంటకి దండగ. ఇంట్లో సగానికి పైగా అల్యూమినియం, హిండాలియం గిన్నెలే ఉంటే ముందు గిన్నెలు మార్చండి, మెషీన్ సంగతి తర్వాత.

మిగిలేది అరగంటే

నలుగురి ఇంట్లో రోజంతటి అంట్లు చేత్తో తోమి, కడిగి, తుడిచి సర్దడానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. మెషీన్‌లో పేర్చడానికి 10, 12 నిమిషాలు, పొద్దున తీసి అలమరలో పెట్టడానికి ఇంకో 8, 10 నిమిషాలు. మిక్సీ జారు, దోసెల పెనం, కుక్కరు వెయిట్ లాంటివి ఎలాగూ చేత్తోనే కడగాలి. అన్నీ తీసేస్తే నికరంగా అరగంట మిగులుతుంది. ప్రకటనల్లో చూపించినట్టు సాయంత్రమంతా ఖాళీ అయిపోదు.

అసలు లాభం వేరే చోట ఉంది. పని రాత్రి అందరూ పడుకున్నాక జరుగుతుంది. పనమ్మాయి రాకపోయినా పొద్దున స్టాండప్ మీటింగు ఆగదు, స్కూలు వ్యానుకి టైముకి డబ్బా సిద్ధమవుతుంది. ఇంటి టైము ఇంకొకరి టైముకి ముడిపడి ఉండకపోవడం ఆ అరగంట కన్నా విలువైనది. ఆవిడకి జ్వరం వచ్చినా, ఊరెళ్లాల్సి వచ్చినా "ఏంటమ్మా ఇలా చేశావు" అనే ఫోను కూడా తప్పుతుంది.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. మెషీన్ వచ్చాక పేర్చేదీ ఇంటావిడే, తీసేదీ ఆవిడే, సాల్ట్ అయిపోయిందని గమనించేదీ ఆవిడే అయితే ఈ లెక్క పెద్దగా కదలదు. దీనికి పనికొచ్చే ఏర్పాటు ఒకటి కింద చెబుతాను.

ఎంత సైజు, ఏ సౌకర్యాలు

ప్లేస్ సెట్టింగు అన్నది యూరప్ భోజనాల బల్ల లెక్క: ఒక మనిషికి రెండు మూడు ప్లేట్లు, కప్పూ సాసరూ, ఒక గ్లాసు, కత్తీ ఫోర్కూ చెంచాలు. మన ఇంట్లో ఒక్క మూకుడు నాలుగైదు ప్లేట్ల చోటు తినేస్తుంది. అందుకే 14 అని రాసినా మనకి అందులో పట్టేది రెండు మూకుళ్లు, రెండు మూడు గిన్నెలు, ఆరేడు కంచాలు, పది గ్లాసులు, కటోరీలు, గరిటెలు. నలుగురికి ఒక రోజు సామాను సరిగ్గా అంతే.

డబ్బు పెట్టాల్సినవి ఇవి: కింది ర్యాకులో మడిచే ముళ్లు (లేకపోతే మూకుడు కూర్చోదు), పై ర్యాకు ఎత్తు మార్చుకునే వీలు, 70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రాం, డిలే స్టార్ట్ (మనం పెట్టిన టైముకి దానంతటదే మొదలయ్యే వీలు). బాష్‌లో ఇంటెన్సివ్ కడాయి అన్న పేరుతోనే 70 డిగ్రీల ప్రోగ్రాం ఉంటుంది. వైఫై మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. గిన్నెలు పేర్చడానికి దగ్గరికి వెళ్లక తప్పనప్పుడు ఫోన్లోంచి స్టార్ట్ కొట్టి ఒరిగేదేమీ లేదు. మూడో ర్యాకు చెంచాలకి బాగుంటుంది గానీ, మన అట్లకాడలూ పప్పు గరిటెలూ అందులో ఇమడవు, పైగా మధ్య ర్యాకు ఎత్తు తగ్గిపోతుంది.

ఇంకో మంచి విషయం, 2025 సెప్టెంబర్ 22 నుంచి డిష్‌వాషర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత రివ్యూల్లో ఉన్న ధరలు చూసి బేరం ఆడొద్దు.

బెంగళూరు నీళ్లు

ఈ ఊళ్లో మెషీన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం నీళ్ల దగ్గరే తేలతాయి. జయనగర్, మల్లేశ్వరం లాంటి పాత పేటల్లో కావేరి నీళ్లు కాబట్టి పెద్ద తంటా లేదు. బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు ఏళ్లుగా బోర్లు, ట్యాంకర్లే దిక్కు. 2024 అక్టోబర్‌లో మొదలైన కావేరి ఐదో దశ నీటి పథకం రోజుకి 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శివారు 110 గ్రామాల కోసం కట్టిందే. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో ఆ నీళ్లని బోరు నీళ్లతో సంపులో కలిపేస్తారు. కలిపే పాళ్లు మారితే నీళ్ల హార్డ్‌నెస్ (కాఠిన్యం) కూడా మారుతుంది. జనవరిలో సరిపోయిన సెట్టింగు ఏప్రిల్‌లో సరిపోకపోవచ్చు.

హార్డ్‌నెస్ కొలవడానికి టీడీఎస్ మీటరు పనికిరాదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, మెషీన్‌కి కావలసింది కాల్షియం, మెగ్నీషియం లెక్క మాత్రమే. మీ సొసైటీలో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది: సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం వదులుతుంది, అందుకే నీళ్లు మెత్తబడ్డా టీడీఎస్ మీటరు దాదాపు పాత అంకే చూపిస్తుంది. అక్వేరియం షాపుల్లో దొరికే హార్డ్‌నెస్ స్ట్రిప్పులో, చుక్కల కిట్టో తెచ్చుకుని వంటింటి కుళాయి నీళ్లే పరీక్షించండి, సంపు నీళ్లు కాదు.

మెషీన్ మాన్యువల్‌లో హార్డ్‌నెస్ జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.8 మిల్లీగ్రాములు. కిట్టులో 350 వచ్చిందనుకోండి, 17.8తో భాగిస్తే దాదాపు 20 డిగ్రీలు. బాష్ లాంటి మెషీన్లలో నీళ్లని ఎంత మెత్తబరచాలో చెప్పడానికి సున్నా నుంచి ఏడు దాకా మెట్లుంటాయి, పై మెట్టు 50 డిగ్రీల దాకా మోస్తుంది. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణంలో 200 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే నీళ్లు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. 600 అంటే దాదాపు 34 డిగ్రీలు, కాబట్టి బోరు నీళ్లయినా మెషీన్ తట్టుకుంటుంది, మెట్టు సరిగ్గా పెడితే.

కొన్నప్పుడు వచ్చే టెక్నీషియన్ కంపెనీ పెట్టి పంపిన మెట్టునే వదిలేసి వెళ్లిపోవడం మామూలే. మీరే నిలబడి మార్పించుకోండి. మెట్టు తక్కువగా ఉంటే గ్లాసుల మీద తెల్లటి పొర పడుతుంది. అవసరం కన్నా ఎక్కువగా ఉంటే సాల్ట్ దండగ, పైగా మరీ మెత్తని నీళ్లకి గాజు నెమ్మదిగా మసకబారుతుంది. ఏది జరిగిందో తేల్చుకోవడం తేలికే: గుడ్డకి వెనిగర్ అద్ది తుడిస్తే పొర పోయిందంటే అది సున్నం, పోకపోతే గాజు దెబ్బతిన్నట్టు, ఇంక ఆ గ్లాసు అంతే.

సాల్ట్ మొదటిసారి పోసేటప్పుడు ఆ గదిలో ముందు లీటరు దాకా నీళ్లు పోయాలి, తర్వాత గరాటుతో కిలో నుంచి కిలోన్నర సాల్ట్. నీళ్లు పొంగి బయటికి వస్తాయి, కంగారు అక్కర్లేదు. పోసిన వెంటనే ఒక ప్రోగ్రాం నడిపించాలి, లేకపోతే ఒలికిన ఉప్పునీళ్లు స్టీలు అడుగుని తినేస్తాయి. రెండోసారి నుంచి నీళ్లు పోయక్కర్లేదు. వంటింటి ఉప్పు ససేమిరా వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాలూ, ఆ సన్నని రేణువులూ నీళ్లని మెత్తబరిచే రెజిన్ పూసల్ని మూసేస్తాయి. "డిటర్జెంట్ టాబ్లెట్‌లోనే సాల్ట్ ఉంది" అన్న మాట 21 జర్మన్ డిగ్రీల దాకానే చెల్లుతుంది. సర్జాపుర బోరు నీళ్లకి టాబ్లెట్ వేసినా సాల్ట్ విడిగా పోయాల్సిందే.

పేర్చడం

గిన్నెల్ని ముందే కుళాయి కింద శుభ్రంగా కడిగి పెట్టేవాళ్లున్నారు. నీళ్లూ సమయమూ రెండూ పోతాయి, మెషీన్ కొన్న ప్రయోజనమే ఉండదు. డిటర్జెంట్‌లో ఉండే ఎంజైములు అన్నం గంజినీ పప్పు ముద్దనీ విరగ్గొట్టడానికే ఉన్నాయి. చేయాల్సిందల్లా ఎంగిలి మెతుకులు, కరివేపాకు, ములక్కాడ పిప్పి, చింతపండు పీచు చెత్తబుట్టలోకి దులపడం. అడుగంటిన పాలగిన్నె, మాడిన పులిహోర మూకుడు మాత్రం అరగంట నానబెట్టి చెక్క గరిటెతో గీకాలి. నల్లగా మాడినదాన్ని ఏ మెషీనూ వదిలించలేదు.

కింది ర్యాకులో మూకుళ్లు, గిన్నెలు బోర్లా, ఒక పక్కకి వాలి ఉండాలి. తిన్నగా బోర్లిస్తే అడుగున ఉన్న గుంటలో నీళ్లు నిలుస్తాయి. కంచాల ముఖాలు మధ్యకి తిరిగి ఉండాలి, ఒకదానికొకటి ఆనకూడదు. రెండు స్టీలు కంచాలు అతుక్కుపోతే మధ్యలో పెరుగు మరక అలాగే ఉంటుంది. పై ర్యాకులో గ్లాసులు, కటోరీలు, పిల్లల డబ్బాలు. పొడవాటి గరిటె ముళ్లలోంచి కిందికి జారి, నీళ్లు చిమ్ముతూ తిరిగే స్ప్రే చేతికి అడ్డం తగలడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. తలుపు మూసే ముందు రెండు స్ప్రే చేతుల్నీ వేలితో ఒక చుట్టు తిప్పి చూడాలి, తగలకుండా తిరిగితేనే స్టార్ట్. ఇంకోటి, తలుపుకున్న డిటర్జెంట్ అర ఎదురుగా పెద్ద పళ్లెం నిలబెట్టొద్దు. అర తెరుచుకోదు, పొద్దున టాబ్లెట్ సగం కరిగి అందులోనే కనిపిస్తుంది. అప్పుడు జనం టాబ్లెట్‌నే తిడతారు.

లోపలికి పోకూడని సామాను మన ఇంట్లో కాస్త ఎక్కువే. డిటర్జెంట్‌లోని క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది, కాబట్టి హిండాలియం మూకుడు, అల్యూమినియం ఇడ్లీ రేకులు, మామూలు ప్రెషర్ కుక్కరు వద్దు. స్టీలు కుక్కరు వెయ్యొచ్చు, గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి. ఇనప పెనం వేస్తే పట్టిన జిడ్డంతా పోయి మర్నాటికి తుప్పెక్కుతుంది. ఇత్తడి దీపపు కుందులు, రాగి చెంబు, చెక్క చపాతీ పీట, ఫ్లాస్కు, మిక్సీ జార్లు కూడా వద్దు. జారు అడుగున బేరింగులోకి నీళ్లు దిగితే నాలుగు నెలల్లో చప్పుడు మొదలవుతుంది. పసుపు పట్టిన ప్లాస్టిక్ డబ్బాలు లోపలినుంచి పచ్చగానే వస్తాయి. మెషీన్‌ని అనుకోనక్కర్లేదు, ఒక పూట ఎండలో పెడితే పసుపు తగ్గుతుంది.

ప్రోగ్రాం, ఖర్చు

ఎకో ప్రోగ్రాం 50 డిగ్రీల దగ్గర మూడు గంటలకి పైగా నడుస్తుంది, 10, 12 లీటర్ల నీళ్లు, ఒక యూనిట్‌కి అటూ ఇటూగా కరెంటు. నూనె మూకుళ్లున్న రోజు ఇంటెన్సివ్ వేస్తే రెండు రెండున్నర గంటలు, కరెంటు ఇంకాస్త. అరగంట క్విక్ ప్రోగ్రాం గ్లాసులకీ కాఫీ కప్పులకీ మాత్రమే, గుత్తివంకాయ కూర గిన్నెకి కాదు. నీళ్ల మాటకొస్తే, నిమిషానికి ఆరు లీటర్లొచ్చే కుళాయి వదిలేసి తోమితే పది నిమిషాల్లో 60 లీటర్లు పోతాయి. 2024 వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసినవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

టాబ్లెట్, సాల్ట్, రిన్స్ ఎయిడ్ (చివర్లో నీటి చుక్కలు నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం), కరెంటు కలిపితే ఒక్కో వాయికి సుమారు 22 నుంచి 30 రూపాయలు, నెలకి ఎనిమిదొందల చుట్టూ. టాబ్లెట్ బదులు పౌడరు వాడితే కొంత తగ్గుతుంది, మామూలు రోజుకి 20 గ్రాములు చాలు. రిన్స్ ఎయిడ్ మానేస్తే డబ్బులు మిగలవు. స్టీలు గ్లాసుల మీద నీటి చుక్కలు ఎండి మచ్చలవుతాయి, మళ్లీ గుడ్డ పట్టుకుని కూర్చోవాలి.

గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వం నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే పథకం) వాడుకునే ఇళ్లు ఒక లెక్క వేసుకోవాలి. రోజూ వేస్తే నెలకి 30 నుంచి 40 యూనిట్లు పెరుగుతాయి. ఇప్పుడే 170 దగ్గర ఉంటే 200 దాటే అవకాశం ఉంది, దాటితే ఆ నెల బిల్లు మొత్తం మీదే.

బిగించే ముందు

60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, దాదాపు 85 ఎత్తు. చాలా ఫ్లాట్లలో యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన ఈ చోటు ఉంటుంది, ఒకే కుళాయికి టీ బిగించి రెండిటికీ లైను ఇవ్వొచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. హీటరు నడిచేటప్పుడు రెండు వేల వాట్ల పైనే లాగుతుంది, కాబట్టి సొసైటీ జనరేటరు మీద మీ ఫ్లాటుకి కిలోవాటు మాత్రమే ఇచ్చి ఉంటే కరెంటు పోయినప్పుడు ట్రిప్ అవుతుంది.

హెచ్ఎస్ఆర్, బీటీఎం లాంటి చోట్ల ఇండిపెండెంట్ బిల్డింగుల పై అంతస్తులో అద్దెకి ఉండేవాళ్లు నీటి ఒత్తిడి చూసుకోవాలి. మెషీన్‌కి కనీసం 0.5 బార్ కావాలి, అంటే ట్యాంకు మీ కుళాయి కన్నా ఐదు మీటర్లు ఎత్తున ఉండాలి. నెత్తి మీదే రెండు మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే నీళ్లు నిండక మెషీన్ ఆగిపోతుంది. ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి, లేదా ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆలోచన మానుకోవాలి.

ఆగిపోతే

బాష్‌లో ఈ18 వస్తే నీళ్లు రావట్లేదని. కుళాయి దగ్గర గొట్టం విప్పితే చిన్న జల్లెడ ఉంటుంది, ట్యాంకరు నీళ్ల ఇసుక అందులో పేరుకుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో కడిగితే సరి. ఈ24 వస్తే నీళ్లు బయటికి పోవట్లేదని, ఈ15 అయితే అడుగున లీకు, దాన్ని మీరు ముట్టుకోకుండా టెక్నీషియన్‌ని పిలవండి. ఎల్‌జీలో ఐఈ నీళ్లు రావట్లేదని, ఓఈ పోవట్లేదని. నీళ్లు పోకపోవడానికి మన ఇళ్లలో మామూలుగా దొరికే దొంగలు నిమ్మగింజ, గాజు ముక్క, గ్లాసు మీంచి ఊడిన స్టిక్కరు.

అడుగున ఉన్న ఫిల్టరు వారానికోసారి తిప్పి తీసి కడగాలి. కడగకపోతే ఆవాలు, కరివేపాకు ఈనెలు, జిడ్డు కలిసి మూడో వారానికి మెషీన్ తెరవగానే వాసన కొడుతుంది. నెలకోసారి గిన్నెల్లేకుండా 70 డిగ్రీల మీద క్లీనరు వేసి నడిపిస్తే లోపలి జిడ్డు వదులుతుంది.

ఎవరు పేర్చాలి, ఎవరు తీయాలి

అన్నీ సక్రమంగా ఉన్నా మూడో నెల్లో మెషీన్ మూలపడే ఇళ్లు ఉన్నాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పొద్దున తీయలేదు, మధ్యాహ్నం ఎంగిలి గిన్నెలు మళ్లీ సింకులో పడ్డాయి, సాయంత్రానికి లోపల కడిగినవి, బయట కడగనివి. అందుకని పేర్చేవాళ్లూ తీసేవాళ్లూ వేరుగా ఉండాలి, వారం వారం మార్చుకోకుండా స్థిరంగా. రాత్రి కాల్ లేనివాళ్లు పదిన్నరకి పేర్చి డిలే స్టార్ట్ పెట్టాలి. పొద్దున ముందు లేచేవాళ్లు డికాక్షన్ దిగేలోపు ఖాళీ చేయాలి. కింది ర్యాకు ముందు తీయాలి, పై ర్యాకు కటోరీల అడుగున నిలిచిన నీళ్లు కింది వాటి మీద పడతాయి. సాల్ట్, టాబ్లెట్లు, రిన్స్ ఎయిడ్ కొనడం, ఫిల్టరు కడగడం పేర్చేవాళ్లదే, మధ్యలో ఇంకొకరు గుర్తుచేసే పని పెట్టుకోకూడదు. పదేళ్లు దాటిన పిల్లలు చెంచాలూ గ్లాసులూ సర్దగలరు.

మిగిలిన అరగంటకి ముందే పేరు పెట్టుకోకపోతే ల్యాప్‌టాప్ దాన్ని మింగేస్తుంది. భోజనం తర్వాత నడకో, వీణ సాధనో, పిల్లతో పేకాటో, ఏదైనా సరే, పేర్చడం అయిపోయిన వెంటనే వచ్చేట్టు పెట్టుకుంటే నిలబడుతుంది. ఇది మెషీన్ మాన్యువల్‌లో లేని సలహా.

పనమ్మాయిని పూర్తిగా మానిపించాలనుకునేవాళ్లు తొందరపడొద్దు. ఇల్లు తుడవడం, బాత్రూములు, చుట్టాలొచ్చిన రోజు పెద్ద గుండిగలు మెషీన్ చేసేవి కావు. అంట్లు తగ్గాయని జీతం కోయడం కన్నా ఆ టైములో కూరలు తరగడమో ఇంకో పనో మాట్లాడుకోవడం ఇద్దరికీ మేలు.

ఇల్లు మారేటప్పుడు మెషీన్‌ని పడుకోబెట్టి తీసుకెళ్లొద్దు, సాల్ట్ గది నీళ్లు ఒలికి లోపలి బోర్డు పాడవుతుంది. ముందు రోజు నీళ్లన్నీ వదిలించి, ర్యాకులు తాడుతో కట్టి, నిలబెట్టే తరలించాలి. కొత్త ఇంట్లో మొదటి వాయి వేసే ముందు హార్డ్‌నెస్ మళ్లీ కొలవాలి. మల్లేశ్వరం సెట్టింగుతో వైట్‌ఫీల్డ్‌లో వేస్తే వారంలో గ్లాసులు తెల్లబడతాయి.